తిప్పి పంపినవారి గడి

శామీర్‌పేట,
జూన్ 4.

వదినగారికి పార్వతీదేవి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా లాభంలో ఉన్నారని పేపర్లో చదివాను.

స్టాంపు అంటించిన ఉత్తరం చూసి మా కాలనీ పోస్ట్‌మ్యానే నవ్వాడు. ఏం చేస్తాం? ఫోనులో మాట్లాడుకున్న ప్రతిసారీ మనలో ఎవరో ఒకరం ఠక్కున పెట్టెయ్యడం, నెలరోజులు మాటల్లేకపోవడం, మధ్యలో మీ అమ్మాయి సహస్ర కళ్ళు తుడుచుకోవడం. మూడోసారి అయ్యాక ఆ పిల్లే తీర్పు చెప్పింది: "మీ వియ్యపురాళ్ళిద్దరూ ఇకనుంచి కాగితం మీద పోట్లాడుకోండి. స్టాంపు అంటించేలోపు సగం తిట్లు మర్చిపోతారు." మీ కూతురు, నా కోడలు. ఆ తెలివి ఎవరి వైపు నుంచి వచ్చిందో తేల్చబోయి నాలుగో తగువు పెట్టుకోను.

అసలు సంగతికి వస్తాను. బీరు, వైను ఇంటి గుమ్మంలోకే తెచ్చి ఇచ్చే పద్ధతిని మన వైపు ఆరునెలల పాటు పరీక్షగా పెడుతున్నారట కదా. పాలు, కూరగాయలు, దోసెల పిండి తర్వాత మనిషికి మిగిలిన కష్టం ఇదొక్కటే, అదీ తీరిపోయింది. మీ పేరు మీద ఉన్న దుకాణం మా రోడ్డు మీదే కాబట్టి ఈ సేవాభాగ్యం మీకే దక్కుతుందనుకుంటాను. ముందస్తు అభినందనలు.

మా కాలనీ సంఘానికి మా ఆయనే అధ్యక్షులన్న సంగతి మీకు తెలుసు. ముప్పై ఏళ్ళు నీటిపారుదల ఆఫీసులో ఫైళ్ళు నడిపిన మనిషి. నీళ్ళు పారాయో లేదో తెలీదు గాని ఫైళ్ళు మాత్రం పారాయి. ఆదివారం మీటింగు పెట్టి మూడు నిబంధనలు చేశారు. ఒకటి, సీసాలు తెచ్చేవాడు గేటు దాటకూడదు. రెండు, ఆర్డరు ఎవరి పేరు మీద ఉందో వారే గేటుకొచ్చి రిజిస్టరులో పూర్తి పేరు, ఇంటి నంబరు రాసి సంతకం చెయ్యాలి. మూడు, నెలలో నాలుగుసార్లకు మించి సంతకం చేసినవారి పేర్లు ఒకటో తారీఖున నోటీసు బోర్డులో అంటిస్తారు. సిగ్గుకు మించిన చట్టం లేదని ఆయన సిద్ధాంతం. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

రిజిస్టరు గీతలు స్కేలు పెట్టి స్వయంగా గీశారు. తేదీ, పేరు, ఇల్లు, సంతకం, చివర 'తిప్పి పంపినవారు' అని ఒక పెద్ద గడి. గేటు కాపలా మల్లేశానికి ఒక పెన్ను తాడుతో కట్టి ఇచ్చారు.

మీ వ్యాపారానికి ఈ కాలనీలో గిరాకీ ఉండదని ముందే చెబుతున్నాను. ఇక్కడ ఉండేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్తులు. అన్నయ్యగారికి నమస్కారాలు చెప్పండి.

మీ వదిన,
పార్వతీదేవి.

* * *

గౌడవెల్లి,
జూన్ 12.

పార్వతీదేవి వదినగారికి లక్ష్మమ్మ నమస్కరించి రాస్తున్నాను.

మీ ఉత్తరం శామీర్‌పేట నుంచి మా ఊరికి రావడానికి ఐదు రోజులు పట్టింది. అదే బీరైతే నలభై నిమిషాలు. సర్కారు ఏది ముఖ్యమనుకుంటుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

పోయినసారి నా ఉత్తరంలో తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపారు కదా. అందుకే ఈసారి బడి తెలుగులో రాస్తున్నాను. రిటైరైన టీచరమ్మకు పని తగ్గించినట్టు ఉంటుంది.

సేవాభాగ్యం నాకు దక్కిందని రాశారు. నా భాగ్యం సంగతి మీకు పూర్తిగా తెలియదు. నేను ఐదేళ్ళు ఈ ఊరి సర్పంచ్‌ని. సంతకం నాది, కుర్చీ మా ఆయనది. వైన్ షాపు లాటరీలో ఆయన పేరు మీద మూడుసార్లు వేస్తే రాలేదు, నా పేరు మీద వేస్తే వచ్చింది. లైసెన్సు నాది, గల్లాపెట్టె ఆయనది. ఆ దుకాణం గడప నేను ఒక్కసారే తొక్కాను, కొబ్బరికాయ కొట్టిన రోజు. లోపల చూస్తే అన్నీ ఉన్నాయి, వైను ఒక్కటే లేదు. బోర్డు మీద మాత్రం 'వైన్స్' అని నా చెయ్యంత అక్షరాలు.

ఇప్పుడు మా ఆయన ఇంటింటికీ పంపడానికి రెండు కొత్త బండ్లు కొన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలట, ఆధార్ చూపాలట, అప్పటికే తాగి తూలుతున్నవాళ్ళకు ఇవ్వొద్దట. తూలుడు ఎట్లా ఉంటుందో గుర్తుపట్టడానికి బండ్ల మీద పోయేవాళ్ళకు ఒక పూట ట్రైనింగ్ కూడా ఇచ్చారు. మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఉత్తగనే చూపించేవారు.

అన్నగారి రిజిస్టరు గురించి విని మస్తు నవ్వుకున్నాం. అన్నగారికి ఒక్క మాట చెప్పండి. ఆ 'తిప్పి పంపినవారు' అనే గడి దేనికి? బీరు తెప్పించుకొని, గేటు దాకా నడిచొచ్చి, ఆధార్ చూపించి, ఆఖరుకు వద్దనే మహానుభావుడు ఎక్కడైనా ఉంటాడా? అంత వెడల్పు గడి ఖాళీగా పెట్టే బదులు అందులో కాలనీ ముగ్గుల పోటీ ఫలితాలు రాసుకోవచ్చు.

సహస్ర ఈ మధ్య ఫోన్ చేసి రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తోంది. అల్లుడు ఇదివరకు రెండు వారాలకోసారి వచ్చి మటన్ తిని పోయేవాడు, ఉగాది తర్వాత మొఖం చూపలేదు. కంపెనీలో పని ఎక్కువ అంటోంది బిడ్డ. మీరు రెండు వీధుల అవతలే ఉంటారు కాబట్టి అడుగుతున్నాను, అంతేకదా?

మీ వదిన,
లక్ష్మమ్మ.

* * *

శామీర్‌పేట,
జూలై 2.

లక్ష్మమ్మ వదినగారికి,

క్షేమ సమాచారాలు ఈసారి వదిలేస్తున్నాను.

నిన్న ఒకటో తారీఖు. మా ఆయన ఉదయమే గుండ్రటి అక్షరాలతో జాబితా రాసి, జిగురు సీసా పట్టుకొని నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళారు. మొదటి నెల కాబట్టి పేర్లేమీ ఉండవనుకున్నాం. ఒక పేరు ఉంది. ఒకే ఒక్కటి. ఇంటి నంబరు ముప్పైఒకటి, సహస్ర, పదకొండుసార్లు.

మీరు సరిగ్గానే చదివారు. ఇరవై రోజుల్లో పదకొండుసార్లు. మీ అమ్మాయి, మా కోడలు, గేటు దాకా నడిచి వెళ్ళి, ఆధార్ చూపించి, ముత్యాల్లాంటి దస్తూరితో సంతకం చేసింది. ఆ దస్తూరి నేను మెచ్చుకున్నదే.

ముందురోజు రాత్రే మా ఆయన రిజిస్టరు చూసి ఒక గంట కుర్చీలోంచి లేవలేదు. తెల్లారాక, నిబంధన అందరికీ ఒకటే అని ఆ జాబితా అంటించి వచ్చారు. మా వీధి ఆడవాళ్ళు సాయంత్రం నడకలో నన్ను చూసి పలకరించే తీరే మారిపోయింది. "కోడలు మీ ఇంట్లో ఉండదు కదండీ, వేరే కదా?" అని ఒకావిడ ఓదార్చింది. ఓదార్పు అంటే అలా ఉండాలి.

ఇంకో విశేషం. సీసాల సంచికి పిన్ను కొట్టిన బిల్లు మల్లేశం దాచిపెట్టి నాకిచ్చాడు. దీనితో జతచేస్తున్నాను. పైన లైసెన్సుదారు పేరు చూసుకోండి: లక్ష్మమ్మ. ఆషాఢంలో ఆడపిల్లకు పుట్టింటి సారె పంపే ఆనవాయితీ మీ వైపు ఉందో లేదో అని పెళ్ళిలో అడిగితే మీరు సమాధానం చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది. పసుపు, కుంకుమ, చలిమిడి లేకపోతేనేం, చల్లగా నలభై నిమిషాల్లో పంపుతున్నారు.

పెళ్ళికి ముందు మా చుట్టాలు అన్నారు, వైన్ షాపు ఇంటి పిల్ల అని. నేనే కొట్టిపారేశాను. మా సాయి పాపం పొద్దస్తమానం కంపెనీ పనితో సతమతమవుతుంటే ఆ ఇంట్లో జరుగుతున్నది ఇదన్నమాట. వాడికి ఇది తెలుసో తెలీదో. తెలిస్తే తట్టుకోలేడు. చిన్నప్పటి నుంచీ సున్నితం.

తల్లిగా మీరు ఏం చెబుతారో వినాలని ఉంది. తప్పులు దిద్దనని మాట ఇస్తున్నాను.

పార్వతీదేవి.

* * *

గౌడవెల్లి,
జూలై 9.

పార్వతీదేవి వదినగారికి,

సారె అందినందుకు సంతోషం. మీ చుట్టాలకు కూడా నా నమస్కారాలు చెప్పండి. వాళ్ళు మా బిడ్డ పెళ్ళి దావత్‌లో సీసాలు ఎక్కడున్నాయని మా తమ్ముడిని పక్కకు పిలిచి అడిగిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను.

మీ ఉత్తరం చదివి నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఫోన్ తీసి మీ నంబరు కూడా నొక్కాను. సహస్ర తీర్పు గుర్తొచ్చి పెట్టేశాను. స్టాంపు మంచిదే. నేను మర్చిపోయిన తిట్లు ఏవో మీకు ఎప్పటికీ తెలియవు.

మీకు బదులు బిడ్డకే ఫోన్ చేశాను. "అవునమ్మా, నేనే తాగుతున్న. అయితే ఏంది?" అన్నది. పెట్టేసింది.

ఇగ ఒక సంగతి చెబుతాను, మీరు టీచరు కదా, మీరే లెక్క తేల్చండి. మొన్న మా ఊళ్ళో ఎల్లమ్మకు బోనం ఎత్తాం. అమ్మవారి ముందు సాక పోస్తాం, అంటే కల్లు పోసి మొక్కుతాం. మీవాళ్ళు తీర్థం ఇచ్చినట్టే మాకు అది. చిన్నప్పుడు సాక పోసేటప్పుడల్లా ఆ వాసనకు సహస్ర కక్కుకునేది. పదేళ్ళొచ్చినా మా అత్త కొంగులో మొఖం పెట్టుకొని గుడి బయట నిలబడేది. కాలేజీలో చదివేటప్పుడు ఒకసారి వాళ్ళ నాయిన దుకాణం నుంచి వచ్చి తలుపు తీయమంటే, "ముందు స్నానం జేసి రా నాయినా, నీ అంగీ వాసనొస్తాంది" అని బయట నిలబెట్టింది. వాళ్ళ నాయిన తాగడు, అమ్ముతాడు అంతే. అయినా నిలబెట్టింది.

అటువంటిది ఇరవై రోజుల్లో పదకొండుసార్లు. ఇంకోటి కూడా చెబుతున్నాను. నా బిడ్డ నిజం చెప్పేటప్పుడు గంటసేపు వివరం చెప్తుంది. అబద్ధం చెప్పేటప్పుడే "అయితే ఏంది" అంటుంది. ఐదేళ్ళప్పుడు పక్కింటి దోస్త్ పలక పగలగొడితే అది కూడా తన మీద వేసుకొని "అయితే ఏంది" అన్నది.

నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. మీ అబ్బాయి సున్నితం, ఒప్పుకుంటున్నాను. ముప్పైఒకటో నంబరు ఇల్లు మీకు రెండు వీధులు. ఒకరోజు పగటిపూట, ఫోన్ చేయకుండా పోయి రండి. నేను గౌడవెల్లి నుంచి పోతే పుట్టింటివాళ్ళు గొడవకు వచ్చారంటారు. మీరు పోతే ఆవకాయ ఇవ్వడానికి వచ్చారంటారు.

లక్ష్మమ్మ.

* * *

శామీర్‌పేట,
జూలై 16.

వదినగారూ,

ఆవకాయ సీసా పట్టుకొనే వెళ్ళాను.

ఉదయం పదకొండున్నర. సాయే తలుపు తీశాడు. గడ్డం మాసి, కళ్ళు ఉబ్బి ఉన్నాడు. "మీటింగులో ఉన్నానమ్మా" అన్నాడు. బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. ఆఫీసు బ్యాగు మేకుకు వేలాడుతోంది, దాని మీద దుమ్ము. ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో చీటీలు పట్టుకున్న టీచరమ్మను నేను. కన్న కొడుకు నాలుగు నెలలుగా నా కళ్ళముందు కాపీ కొడుతుంటే, పాపం కష్టపడుతున్నాడని మజ్జిగ చేసి పంపాను.

తుర్కపల్లి వైపు వాడు చేసే కంపెనీలో వాడి విభాగం మార్చిలోనే మూసేశారట. ముప్పై మందితో పాటు వాడూ ఇంటికొచ్చాడు. నాన్నకు ఎలా చెప్పాలో తెలీక ఉగాదికి చెబుదామనుకున్నాడు, తర్వాత పుట్టినరోజుకు అనుకున్నాడు. చెప్పడానికి మంచిరోజు దొరకలేదు. తాగడానికి రోజుతో పనిలేదు కదా.

సహస్ర నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి మాట్లాడింది. "ఇదివరకు షాపుకు పోవాలంటే సిగ్గుపడేవాడు అత్తయ్యా. ఈ రోడ్డు మీద మా నాయిన దుకాణం, ఆ పక్కదాంట్లో మా నాయిన దోస్తులు. అల్లుడు వచ్చిండంటరని యాప్రాల్ దాంక పోయి వారానికి ఒకసారి తెచ్చుకునేది. ఇప్పుడు సిగ్గుపడే పనే లేకపాయె. గేటు దాంక నేను పోతున్న." మరి ఎందుకు పోతున్నావమ్మా అన్నాను. "తెప్పించకపోతే బండి తీస్తడు. ఆ హాలత్‌ల బండి మీద పోయేదానికన్న ఇంట్లనే నయం గదా." ఇంటికి చేర్చే పద్ధతి వల్ల రోడ్డు మీద ప్రమాదాలు తగ్గుతాయని పేపర్లో ఎవరో పెద్దమనిషి రాస్తే నవ్వాను. ఆ పెద్దమనిషి అన్నది నిజమే, మా కోడలు ఒక్కతే ఆచరిస్తోంది.

పేరైనా వాడిది రాయొచ్చు కదా అన్నాను. అప్పుడు ఆ పిల్ల అన్న మాట మీకు ఉన్నదున్నట్టు రాస్తాను. "మామయ్య తన చేత్తో రాసే లిస్టుల కొడుకు పేరుంటే తట్టుకోలేరు అత్తయ్యా. కోడలి పేరైతే తట్టుకుంటరు. చూసిన్రు గదా, తట్టుకున్నరు."

తట్టుకోవడమే కాదు వదినగారూ. నేను మీకు ఉత్తరం కూడా రాశాను. పుట్టింటి సారె అని రాశాను. ఆ ఉత్తరం మీ దగ్గరుంటే చింపెయ్యండి. వద్దు, ఉంచండి. నేను ఎప్పుడైనా మళ్ళీ పొగరుగా మాట్లాడితే చూపించండి.

మంచం పక్కన ఒక సంచీ సర్ది ఉంది. నేను చూడటం తను చూసింది. "ఈ నెలాఖరు దాంక చూస్త అత్తయ్యా. అప్పటిదాంక ఆయన నోటితోని ఆయన, నాకిది వద్దు అన్నడా ఉంట. లేకపోతే గౌడవెల్లి పోత. కోపం తోని కాదు. నాకు ఆ వాసనతోని నిద్ర పడతలేదు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఇంకా పదిహేను రోజులున్నాయి. మా ఆయనకు చెప్పలేదు. ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. మీకేమైనా తోస్తే చెప్పండి.

పార్వతి.

* * *

గౌడవెల్లి,
జూలై 23.

వదినా,

ఈసారి నా మాటల్లనే రాస్తున్న. బడి తెలుగుల ఏడ్సుడు నాకు రాదు. ఎర్ర పెన్ను లోపట పెట్టు.

నీ ఉత్తరం గీసారి రెండు దినాలకే అందింది, జదివి రెండు దినాలు అన్నం సయించలే. అల్లుని మీద కోపం వచ్చింది, మీ అందరి మీద వచ్చింది. అందరికన్న ఎక్కువ గా బిల్లు మీదున్న నా పేరు మీద వచ్చింది. నువ్వు పంపిన బిల్లు దేవుని అర్రల పెట్టిన. ఎందుకు పెట్టిన్నో నాకే తెల్వది.

సోమవారం మేడ్చల్ల ఒక ఫంక్షన్ హాల్ల మీటింగ్ పెట్టిన్రు. ఇంటికి చేర్చుడు ఎట్ల నడుస్తాంది, ఇంక కొనసాగియ్యాల్నా అని అందరి అభిప్రాయం అడిగేదట. లైసెన్సు ఉన్నోళ్ళు ఒక కాయిదం మీద ఒప్పుకుంట సంతకం పెట్టాలె. మా ఆయన ఎప్పటి లెక్కనే కాయిదం నా ముందట పెట్టి, "ఈడ గీకు" అన్నడు. "ఏమున్నది గిండ్ల?" అన్న. పెండ్లై ముప్పైరెండేండ్లల గా మాట మొదటిసారి అడిగిన. మా ఆయన మొఖం నువ్వు జూడాలె వదినా, కరెంటు పోయినట్టయింది. "నేను గూడ వస్త మీటింగ్‌కు, లైసెన్సు నాదే గదా" అన్న.

పోయిన. స్టేజీ మీద పూలకుండీలు, అందరికి సమోస, చాయ్. ఒక దుకాణపాయన లేచి విస్కీ గూడ కలపాలె, బీరుకు ఒక నీతి విస్కీకి ఒక నీతా అని కండ్లనీళ్ళు పెట్టుకున్నడు. ఒక అపార్ట్‌మెంట్ పెద్దమనిషి టైం ఇంకో రెండు గంటలు పెంచున్రి అన్నడు, వాళ్ళకు ఆఫీసుల ఆలస్యం అయితదట. అందరి కష్టాలు ఇన్నరు, రాసుకున్నరు.

నేను లేచిన. సర్పంచ్ అయిననాడు సుత మైకు మా ఆయన చేతులనే ఉండె. "సారూ, మా ఇంటికి సీసా తేవద్దని ఏ ఇంటోళ్ళన్న కాయిదం మీద రాసిస్తే, ఏ దుకాణపోడు గా తలుపు కొట్టొద్దు. గీ ముక్క రూల్సుల రాయున్రి. రాసిననాడు నేను సంతకం పెడత" అన్న.

ఆఫీసరు మంచోడే, నవ్విండు. "దుకాణం మీదే గదమ్మా. మీరే గిరాకీ వద్దంటున్నరా?"

"గిరాకీ వద్దంటలేను సారూ. ఒక్క తలుపు వద్దంటున్న."

"ఎవరిదమ్మా ఆ తలుపు?"

"బిల్లు మీద పేరైతే నాది. తలుపు ఎవలదైతేంది సారూ?"

సమోస తినేటాయన సుత ఆగిండు. ఆఫీసరు రాసుకున్నడు, 'పరిశీలిస్తాం' అన్నడు. సర్పంచ్‌గ జేసిన, గా మాట కీమతు నాకు తెలుసు. అందుకే సంతకం పెట్టలే. నా దుకాణం బండ్లు రెండు ఆగినయి. మా ఆయన మూడు దినాల నుంచి నాతో మాట్లాడతలేడు. రాత్రి బిడ్డ సంగతి జెప్పిన తర్వాత వచ్చి పక్కకు కూసున్నడు.

సహస్రకు నా ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటది. వస్తే నెత్తిన పెట్టుకుంట. కాని వదినా, రావొద్దని మొక్కుతున్న. నీ కొడుకు చెడ్డోడు కాదు. మటన్ తిన్నంక ప్లేటు తనే కడిగేటోడు.

లక్ష్మమ్మ.

* * *

శామీర్‌పేట,
ఆగస్టు 3.

వదినా,

మీ ఉత్తరంలో దిద్దడానికి ఒక్క తప్పూ లేదు. మా ఆయనకు చదివి వినిపించాను. ఎందుకో చివర్లో చెబుతాను.

మీ దుకాణం ఆగిపోయింది, నిజమే. ఆ మర్నాడు పక్క దుకాణం పది నిమిషాలు ముందే తెచ్చి ఇచ్చింది. మీ త్యాగం వల్ల సేవ మెరుగుపడింది.

నాకు మీలా మైకు లేదు. ఉన్నదల్లా గేటు దగ్గరి రిజిస్టరు. పదిహేడో తారీఖునే సహస్రతో చెప్పాను: ఆర్డరు నా పేరు మీద పెట్టు, ఆధార్ నాది ఇవ్వు. వద్దంది. అత్తగా మొదటిసారి గద్దించాను. ఆ రోజు నుంచి ఆర్డరు వచ్చినప్పుడల్లా గేటుకు నేనే వెళ్ళాను. మొదటిసారి మల్లేశం "అమ్మా, ఇది పాలు కాదు" అన్నాడు. తెలుసు నాయనా అని సంతకం చేశాను. నెలాఖరుకు తొమ్మిదిసార్లయ్యాయి. ఒకరోజు మా వీధి ఆవిడ చూసి దగ్గరికొచ్చి, "రెడ్డా మేడమ్, వైటా?" అని గొంతు తగ్గించి అడిగింది. గుండెకు ఏది మంచిదని ఆవిడకు చాలాకాలంగా సందేహమట.

ముప్పైఒకటో తారీఖు సాయంత్రం మా ఆయన జాబితా రాయడానికి రిజిస్టరు తెచ్చుకున్నారు. ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకొని, "ఈ పార్వతీదేవి ఎవరు?" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మీరు కాఫీ అడుగుతున్న పార్వతీదేవే అన్నాను. అప్పుడు అన్నీ చెప్పాను. మీ ఉత్తరం అప్పుడే చదివాను. ఆయన రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. చివరికి, "ఆ మూడో నిబంధన తీసేద్దాం, తొందరపడి చేశాం" అన్నారు.

"కోడలి పేరు అంటించినప్పుడు తియ్యని నిబంధన పెళ్ళాం పేరుకు ఎందుకు తియ్యాలి? అంటించి రండి, తర్వాత తీసేద్దురుగాని" అన్నాను.

అంటించారు వదినా. ఒకటో తారీఖు ఉదయం ఆరు గంటలకు, జిగురు సీసా పట్టుకొని, తనే అంటించారు. పార్వతీదేవి, ఇంటి నంబరు పధ్నాలుగు, తొమ్మిదిసార్లు. ఆయన అక్షరాలు మొదటిసారి వంకరపోయాయి.

సహస్ర పెట్టిన గడువు ముందు రోజుతోనే అయిపోయింది. సంచీ తలుపు దగ్గరికి వచ్చింది. పొద్దున్న బస్సుకు పోతానంది. రాత్రి తాగిన తలనొప్పితో, ఆ సంచీ చూసి, సాయి గాలికని బయటికొచ్చాడు. బోర్డు ముందు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో మల్లేశాన్ని అడగండి, నాకు ధైర్యం లేక కిటికీలోంచి చూసి లోపలికి వచ్చేశాను. కాసేపటికి మా ఇంటికొచ్చి వాళ్ళ నాన్న ఎదురుగా నిలబడి, "నాన్నా, అమ్మ పేరు తీసెయ్యండి" అన్నాడు. ఆయన కోప్పడతారనుకున్నాను. "నువ్వు చెప్పాల్సిన మాట అది కాదురా" అని మాత్రం అన్నారు. వీడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

పదకొండు గంటలకు ఎప్పటిలాగే బండి వచ్చింది. ఆర్డరు తన పేరు మీద తనే పెట్టుకున్నాడట. గేటుకు నడిచి వెళ్ళాడు. ఆధార్ చూపించాడు. పెన్ను తీసుకొని, రిజిస్టరులో వేలు పెట్టి వెతుక్కుంటూ చివరి గడి దగ్గర ఆగాడు. తర్వాత మల్లేశం రిజిస్టరు పట్టుకొని పరుగున మా ఇంటికొచ్చాడు. "గా గడిల ఏం రాయాల్నో నాకే ఎర్కలేదమ్మా, గిప్పటిదాంక ఎవ్వలు రాయలే. సాయి సారే రాసిండు, సంచి బండోనికే వాపసిచ్చిండు. నేను తప్పు జేసిన్నా?"

తప్పు చెయ్యలేదు నాయనా అన్నాను. పూర్తి పేరు రాశాడు వదినా, వెంకటసాయి, ఇంటి నంబరు ముప్పైఒకటి. కింద సంతకం. దాని కింద, ఎవరూ అడగకుండానే, 'నాకిది వద్దు' అని. అక్షరాలు అచ్చం వాళ్ళ నాన్నవిలాగే వంకరపోయాయి.

సహస్ర బస్సెక్కలేదు. బుధవారం డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తోంది. ఉన్నపళంగా మానేస్తే ఒంటికి ప్రమాదమట, మందులతో మెల్లగా మాన్పించాలట. ఇవాళ పొద్దున వాడు మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకోవడం చూశానని చెప్పింది. తెప్పించాడో లేదో నేను అడగలేదు. సంచీ తలుపు దగ్గర్నుంచి మంచం పక్కకు వెళ్ళింది గాని, ఇంకా విప్పలేదు. విప్పమని నేనూ అనను.

మూడో నిబంధన తీసేశారు. మీ ఆఫీసరుకు మా ఆయన నాలుగు పేజీల ఉత్తరం రాస్తున్నారు, మీరు మైకులో అడిగిన ముక్కే. కింద సంతకం ముందు మీది ఉండాలంటున్నారు. ఈసారి కాగితం చదివే పెట్టండి.

ఆ గడి అంత వెడల్పు దేనికని మీరు అడిగారు కదా. అన్నీ కలిపి ఒక్క పేరే ఉంది అందులో. చోటు ఇంకా చాలా ఉంది వదినా, నాకు రోజూ పొద్దున్నే వెళ్ళి చూడటం అలవాటైంది.

మీ
పార్వతి.